పడమటి తాలూకాలలో ఆకాశవాణి



ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర గురించి ఏదైనా వ్రాయమని కార్యవర్గం వారు కోరారు. ఆదోని కోట గురించి, మంత్రాలయం గురించి, ఎమ్మిగనూరు జాతర గురించి వ్రాసినవారు చాలామంది ఉన్నారు. నేను ముప్పై ఏడేండ్లు ఫైళ్ల మధ్య గడిపిన గుమాస్తాను. ఏ ఫైలులోనూ సరిగా దాఖలు కాని ఒక సంగతి గురించి వ్రాయదలచాను. అది శబ్దం. మన పడమటి తాలూకాలకు రేడియో తెచ్చిన శబ్దం. చదువు, పాట, రాజకీయం అన్నీ మనకు ముందు చెవుల ద్వారానే వచ్చాయి. ఆ తరువాతే కండ్ల ద్వారా వచ్చాయి. ఆ రేడియో విషయంలో ఉద్యోగిగా నా వల్ల జరిగిన ఒక తప్పు కూడా ఉంది. దాన్నీ ఈ సందర్భంలో చెప్పుకుంటాను.

మూడు దిక్కుల గొంతులు

మన దేశంలో రేడియో మొదట ఔత్సాహికుల వేడుకగా మొదలైంది. మద్రాసులో 1924లో ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ఏర్పడింది. ఖర్చు భరించలేక అది మూతబడితే, 1930లో మద్రాసు కార్పొరేషన్ వారు ప్రసారాలు చేపట్టారు. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం ప్రారంభమైంది. అప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లాలో, మద్రాసు రాజధానిలో ఉండేవి. ఎమ్మిగనూరు ఆదోని తాలూకాలోనిదే. కాబట్టి మన పెద్దలకు రేడియో అంటే మద్రాసే. తెలుగు, తమిళం ఒకే కేంద్రంలో వేళలు పంచుకునేవి.

తుంగభద్ర అవతలి ఒడ్డు నైజాం రాజ్యం. అక్కడ 1935 నుండి హైదరాబాదు దక్కన్ రేడియో ఉండేది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగినప్పుడు నదికి ఇవతల ఉన్న మనవారికి నిద్ర లేదు. ఆదోనిలో ఒక ప్రత్తి వ్యాపారి అంగడి ముందు జనం గుమిగూడి రేడియో వినేవారని మా నాయన చెప్పేవాడు. సెప్టెంబరు 17న నిజాం ప్రభువే రేడియోలో మాట్లాడినట్లు తెలిశాకనే, నది ఒడ్డు పల్లెలవారు తిరిగి ఇండ్లకు పోయి పొయ్యి వెలిగించుకున్నారట.

అదే సంవత్సరం డిసెంబరు 1న విజయవాడ కేంద్రం వచ్చింది. 1950లో ధార్వాడ కేంద్రం మొదలైంది. దక్కన్ రేడియో ఆలిండియా రేడియోలో కలిసినదీ 1950లోనే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయినప్పుడు బళ్లారి జిల్లా చీలిపోయింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలోకి వచ్చాయి. తక్కినవి మైసూరుకు పోయాయి. రెవెన్యూ రికార్డులు పంచుకున్నాం, బంధుత్వాలు పంచుకోలేకపోయాం. రేడియోనూ పంచుకోలేకపోయాం. 1963లో కడప కేంద్రం వచ్చాక రాయలసీమకంటూ ఒక గొంతు దొరికింది. అప్పటికీ మా వీధిలో ఒక ఇంట ధార్వాడ కన్నడం, మరో ఇంట కడప తెలుగు, మూడో ఇంట హైదరాబాదు ఉర్దూ కార్యక్రమం 'నైరంగ్' మ్రోగుతుండేవి. భాష పేరిట గీత గీసుకున్న నేలపై మూడు భాషలు ప్రక్కప్రక్కనే వినబడడం మాకు వింతగా తోచేది కాదు.

లైసెన్సు పుస్తకం

ఈనాటి మనుమలకు చెబితే నవ్వుతారు గాని, రేడియో వినడానికి ప్రభుత్వం వారి లైసెన్సు కావాలి. టెలిగ్రాఫు చట్టం క్రింద పోస్టాఫీసు వారు చిన్న పుస్తకం ఇచ్చేవారు. సంవత్సరానికి 15 రూపాయలు కట్టి అందులో స్టాంపు వేయించుకోవాలి. గడువు దాటితే అపరాధ రుసుము. మా ఇంట్లో బియ్యం డబ్బాలో రెండే కాగితాలు ఉండేవి: ఇంటి దస్తావేజు ఒకటి, రేడియో లైసెన్సు రెండవది. 1980 దశకంలో ఈ లైసెన్సు విధానం రద్దయింది.

మొదటి సెట్లు వాల్వులవి. స్విచ్చి వేసిన తరువాత వేడెక్కి మాట్లాడడానికి కొంతసేపు పట్టేది. ఇంటిపైన వెదురు కట్టి ఏరియల్ లాగేవారు. ట్రాన్సిస్టర్ 1947లో అమెరికాలో కనుగొన్నా, మన చేతికి వచ్చింది 60వ దశకంలోనే. అది వచ్చాక రేడియో గోడ మీది పలక దిగి సైకిలు హ్యాండిలుకు, కాపలావాని మంచెకు, మగ్గం గుంట ప్రక్కకు చేరింది. కరెంటు లేని ఊరికి కూడా మాట చేరింది.

చదువు రాని ఇంట్లో చదువు

మాది ఎమ్మిగనూరు. మాచాని సోమప్పగారు 1938లో స్థాపించిన చేనేత సహకార సంఘం వల్ల బ్రతికిన వేలాది కుటుంబాలలో మాదొకటి. మా నాయన గుంటమగ్గం మీద కూర్చుంటే, అమ్మ రాట్నం మీద కండెలు చుట్టేది. ఇద్దరికీ సంతకం కూడా రాదు. కండ్లు, చేతులు, కాళ్లు పనిలో ఉంటాయి. ఖాళీగా ఉండేవి చెవులు మాత్రమే. ఆ చెవులకు రేడియో బడి అయింది.

హైదరాబాదు నుండి వచ్చే కార్మికుల కార్యక్రమంలో చిన్నక్క, రాంబాబు, ఏకాంబరం మాట్లాడుకుంటుంటే, మా అమ్మ ప్రక్కింటివారి సంభాషణ విన్నట్లు మధ్యలో జవాబులు చెప్పేది. ప్రావిడెంటు ఫండు అంటే ఏమిటో, టీకాలు ఎందుకు వేయించాలో ఆమె అక్కడే నేర్చుకుంది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులను రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అనే పిలిచేవాళ్లం. వారి 'బాలానందం' కోసం ఆదివారం మధ్యాహ్నం మేము గోలీలాట ఆపేవాళ్లం. కేశవపంతుల నరసింహశాస్త్రిగారి సంస్కృత పాఠం వింటూ మా నాయన మగ్గం మీద శబ్దరూపాలు వల్లెవేయడం నాకు ఇప్పటికీ గుర్తు. అర్థం ఎంత తెలిసిందో తెలియదు గాని, 'మనకూ చెబుతున్నారు' అన్న సంతోషం ఆయన ముఖాన ఉండేది.

రైతులకు గ్రామీణ కార్యక్రమాలు ఉండేవి. ప్రత్తి, వేరుశనగ ధరలు రేడియోలో చదువుతుంటే, ఆదోని మార్కెట్టుకు బండి కట్టాలా, వారం ఆగాలా అని ఊరి కట్ట మీద పంచాయితీ జరిగేది. తంజావూరు ప్రాంతంలో ఒక కొత్త వరి రకానికి రైతులు 'రేడియో వరి' అని పేరు పెట్టారంటే ఆ మాటకు ఎంత బలం ఉండేదో ఊహించుకోవచ్చు.

ఇక్కడ ఒక ముఖ్య విషయం మనవి చేయాలి. 1956లో పూనా చుట్టుప్రక్కల 150 పల్లెలలో ఒక ప్రయోగం చేశారు. ఊరివారు ఒకచోట కూర్చొని కార్యక్రమం వినాలి, విన్నదాన్ని చర్చించాలి, తమ ప్రశ్నలను కేంద్రానికి వ్రాసి పంపాలి. తరువాతి కార్యక్రమంలో వాటికి జవాబు రావాలి. విను, చర్చించు, ఆచరించు అన్నది వారి సూత్రం. ఫలితం బాగుండడంతో 1959లో ఈ గ్రామీణ శ్రవణ సంఘాలను దేశమంతటా విస్తరింపజేశారు. కాని చాలాచోట్ల మిగిలింది మొదటి మాట ఒక్కటే. వినడం ఉంది, అడగడం లేదు. ఈ లోటు సంగతి మళ్లీ ప్రస్తావిస్తాను.

ఉద్యోగులుగా మనం మరువరానిది మరొకటి. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఇప్పుడది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరిట ఉంది. ఇంటరు చదవనివారు కూడా ప్రవేశపరీక్ష వ్రాసి డిగ్రీలో చేరే వీలు అప్పట్లో ఉండేది. పాఠాలు రేడియోలో వచ్చేవి. నాతో పనిచేసిన అటెండరు ఒకాయన సైకిలుకు ట్రాన్సిస్టర్ తగిలించుకొని, పాఠం పూర్తయ్యేదాకా ఆఫీసు గేటు బయటే నిలబడి, ఆ తరువాత లోపలికి వచ్చేవాడు. ఆయన రిటైరైనది సీనియర్ అసిస్టెంటుగా.

పాట తెచ్చిన గౌరవం

ఆకాశవాణి తెరవగానే వచ్చే శివరంజని ఛాయల సంకేత సంగీతాన్ని కూర్చినవాడు వాల్టర్ కాఫ్‌మన్. హిట్లరు పాలన భయంతో ఐరోపా విడిచి బొంబాయి చేరిన యూదుడు. మనం తెల్లవారుజామున లేచి పేడనీళ్లు చల్లుకునేవేళ విన్న ఆ రాగం ఒక శరణార్థి ఇచ్చిన కానుక.

తరువాత 'భక్తిరంజని'. బాలాంత్రపు రజనీకాంతరావుగారు రూపుదిద్దిన కార్యక్రమం అది. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు పాడగా విన్న తత్త్వాలు, కీర్తనలు మన పల్లెల నోళ్లలోకి వచ్చింది దాని వల్లనే. అంతకుముందు కచేరీ అంటే డబ్బున్నవారి పెండ్లిలోనో, దేవస్థానంలోనో మాట. మగ్గం గుంటలో కూర్చున్నవాడికి విద్వాంసుడి గొంతు చెవి ప్రక్కనే వినిపించడం చిన్న మార్పు కాదు. ఉషశ్రీగారు విజయవాడ నుండి భారత రామాయణాలు చెబుతుంటే ఆదివారం మధ్యాహ్నం వీధులు నిర్మానుష్యంగా ఉండేవి.

అయితే ఆకాశవాణికి పట్టుదలలు కూడా ఉండేవి. 1940లో హార్మోనియంను రేడియో సంగీతం నుండి తొలగించారు. గమకం పలకదని కారణం. 1971 తరువాత గాని, అదీ షరతుల మీద గాని, అది తిరిగి రాలేదు. మన ప్రాంతంలో పద్యనాటకానికి హార్మోనియమే ప్రాణం. 'మా పెట్టె పనికిరాదంట, మా గొంతు మాత్రం కావాలంట' అని ఒక నాటక కళాకారుడు మా నాయనతో అనడం విన్నాను. 1952లో మంత్రిగా వచ్చిన బి.వి. కేస్కర్‌గారి కాలంలో సినిమా పాటలు కూడా దాదాపు మాయమయ్యాయి. జనం ఊరుకుంటారా? ముల్లును సిలోను వైపు త్రిప్పారు. అమీన్ సయానీ 'బినాకా గీత్‌మాలా' కోసం ఆదోని బజారులో బుధవారం రాత్రి హోటళ్ల ముందు బెంచీలు నిండేవి. తెలుగు పాటలకు సిలోను మీనాక్షీ పొన్నుదురై గారి గొంతు ఇంటింటా తెలుసు. చివరకు 1957 అక్టోబరు 3న ఆకాశవాణి వారే 'వివిధ భారతి' ప్రారంభించారు. వినేవారు అడగడానికి వీలు లేకపోతే, స్టేషను మార్చి తమ మాట తెలియజేస్తారని అప్పుడే రుజువైంది.

అయినా రేడియో ఇచ్చిన గౌరవం గొప్పది. ఆడిషనుకు కడప పోయి నెగ్గి వచ్చిన జానపద గాయకుడిని ఊరివారు కూర్చోబెట్టి మాట్లాడేవారు. నిన్నటిదాకా జాతరలో నిలబడి పాడినవాడు, 'రేడియోలో పాడినాయప్ప' అయ్యాడు.

గద్దె మీది గొంతు

రాజకీయానికి రేడియో ఎంత పదునైన ఆయుధమో ప్రపంచానికి ముందే తెలుసు. 1933లో అమెరికాలో రూజ్‌వెల్టు ప్రజలకు ధైర్యం చెప్పడానికి దాన్ని వాడాడు. అదే సంవత్సరం జర్మనీలో నాజీలు చవక సెట్లు చేయించి ప్రజల చెవులను కొన్నారు. 1942లో మన ఉషా మెహతా, ఆమె సహచరులు బొంబాయిలో రహస్య కాంగ్రెసు రేడియో నడిపి జైలుకు పోయారు. పరికరం ఒకటే, దాన్ని ఎవరు ఏమి మాట్లాడడానికి వాడారన్నదే తేడా.

1964 మే 27న నెహ్రూగారు పోయిన వార్త నేను ఎమ్మిగనూరు వీధిలో విన్నాను. వీధి అంతా మగ్గాలు ఒక్కటొక్కటిగా ఆగిపోయాయి. మగ్గం చప్పుడు లేని పగలును నేను అంతకుముందు ఎరుగను. 1971 యుద్ధ సమయంలో ఢిల్లీ తెలుగు వార్తల వేళకు కిళ్లీ బంకుల దగ్గర నిలబడడానికి చోటు ఉండేది కాదు.

1975 జూన్ 26 ఉదయం ఇందిరాగాంధీగారు రేడియోలోనే అత్యవసర పరిస్థితి గురించి చెప్పారు. ఆ తరువాత ఇరవై ఒక్క నెలలు రేడియోలో ఒక వైపు మాటే. ఆదోనిలో ఉర్దూ, హిందీ వచ్చినవారు రాత్రులు తలుపులు మూసి బి.బి.సి. వినేవారు. 1977 ఎన్నికలలో మొట్టమొదటిసారి ప్రతిపక్షాలకు కూడా రేడియోలో సమయం ఇచ్చారు. ఆ ఫలితాలలో ఆంధ్రప్రదేశ్ 42 స్థానాలలో 41 కాంగ్రెసుకే వచ్చాయి. మిగిలిన ఆ ఒక్కటి అప్పటి మన జిల్లాలోనిదే. నంద్యాల నుండి నీలం సంజీవరెడ్డిగారు గెలిచి, అదే సంవత్సరం రాష్ట్రపతి అయ్యారు. 1984 అక్టోబరు 31న ఇందిరాగాంధీగారిని ఉదయం కాల్చివేస్తే, ఆకాశవాణి సాయంత్రం 6 గంటలకు గాని ఆమె మరణవార్త చెప్పలేదు. అప్పటికే ఊరంతా బి.బి.సి. మాట తిరిగింది.

రేడియో అందనివారు మైకు పట్టుకున్నారు. 1982 మార్చిలో తెలుగుదేశం స్థాపించిన ఎన్.టి. రామారావుగారు చైతన్యరథం మీద మైకుతో ఊరూరా తిరిగి, 1983 జనవరిలో అధికారానికి వచ్చారు. ప్రభుత్వ రేడియో ఒక్కటే గొంతు కాదని ఆ ఎన్నిక చూపించింది. 1990లో చేసిన ప్రసార భారతి చట్టం 1997లో గాని అమలు కాలేదు. మన దస్త్రాల నడక ఎటువంటిదో మనకు తెలియనిదా!

నా రిజిస్టరులోని ఒక గడి

ఇప్పుడు నా తప్పు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక సమితి కార్యాలయంలో గ్రామాల సామూహిక రేడియోల రిజిస్టరు నా సీటుకు వచ్చింది. పంచాయతీకి ఒక సెట్టు, కప్పు మీద ఒక స్పీకరు. మూడు నెలలకొకసారి 'స్థితి' అన్న గడి నింపి పై ఆఫీసుకు పంపాలి. నేను సెట్లు చూసింది లేదు. వెనుకటి పుటలో ఏమి ఉంటే అదే దింపేవాడిని: 'పనిచేయుచున్నది'. అలా నాలుగేండ్లు దింపాను.

1978లో వేరే పని మీద నదికి దగ్గరగా ఉన్న ఒక పల్లెకు పోయాను. పంచాయతీ కట్ట మీద ఒక అవ్వ కూర్చొని ఉంది. స్పీకరు గూటిలో పావురాలు ఉన్నాయి. 'రేడియో పాడవుతాందా అవ్వా?' అని అడిగాను.

'అది మాట్లాడి ఐదేండ్లు అయింటాది నాయనా. ఊరోళ్లకని ఇచ్చింది ఊరి పెద్ద ఇంట్లో నిద్ర పోతాంది' అంది. కాసేపు ఆగి, 'సారూ, అప్పుకింద జీతం ఉండేటోళ్లు ఇంక ఉండబన్లేదని సర్కారు చెప్పినాదంట, నిజమేనా? సంతలో ఎవరో అనిరి. మా పిల్లోడు ఏడేండ్లాయె ఉండబట్టి' అని అడిగింది.

నా నోట మాట రాలేదు. వెట్టి చాకిరి రద్దు 1975 అక్టోబరులో ఆర్డినెన్సుగా, 1976లో చట్టంగా వచ్చింది. ఇరవై సూత్రాల కార్యక్రమం పేరిట రేడియోలో రోజూ చెప్పారు. మేము విసుగుపడి ముల్లు త్రిప్పేసిన ఆ ప్రచారంలోనే ఆమె కొడుకు విడుదల ఉంది. ఆ మాట ఆమె ఊరికి చేరలేదు. చేరినట్లు నా అక్షరాలతో రికార్డు ఉంది. ఒక యువకుడి మూడేండ్ల బ్రతుకు నా 'పనిచేయుచున్నది' వెనుక పోయింది.

ఆఫీసుకు తిరిగి వచ్చి మొదటిసారి 'పనిచేయుట లేదు' అని వ్రాశాను. పై అధికారి, 'ఇన్నాళ్లు పనిచేసి ఇప్పుడెట్లా చెడింది? సంజాయిషీ ఇవ్వు' అన్నాడు. ఇచ్చాను. సెట్టు బాగుచేయించడానికి ఐదు నెలలు పట్టింది. ఆ కుర్రవాడి గురించి తాలూకా ఆఫీసులో తెలిసినవారికి చెప్పాను. ఉగాదికి అతడు జీతం మానుకున్నాడు. చట్టం వల్లనో, తల్లి నలుగురిలో గట్టిగా అడగడం వల్లనో చెప్పలేను. అడగడం వల్లనే అని నా నమ్మకం.

ఇప్పుడు మనం చేయగలిగింది

2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర పొంగి మంత్రాలయం, కర్నూలు మునిగినప్పుడు కరెంటు పోయింది, టి.వి.లు మూగబోయాయి, సెల్‌ఫోన్లు ఛార్జింగు లేక ఆగిపోయాయి. నేను అటక మీది పాత ట్రాన్సిస్టర్ దింపి రెండు సెల్లులు వేస్తే మాట్లాడింది. వీధివారు మళ్లీ మా అరుగు మీద చేరారు. పాతది పనికిరానిది కాదని ఆ రాత్రి తెలిసింది.

ఇప్పుడు అందరి చేతిలో ఫోనుంది. వినిపించే గొంతులు లెక్కకు మించి ఉన్నాయి. అయినా ఆ అవ్వ ప్రశ్న పాతబడలేదు. చెప్పిన మాట చివరి మనిషికి చేరిందా, చేరితే అతడు తిరిగి అడగడానికి వీలుందా? మన సంఘంలోనే చూడండి. కరువు భత్యం ఉత్తర్వులు, ఆరోగ్య కార్డుల నిబంధనలు, ఏటేటా ఇచ్చే జీవన ధ్రువపత్రం గడువు అన్నీ ఫోనులో వస్తాయి. కండ్లు మసకబారిన మిత్రులు, కుటుంబ పెన్షను తీసుకునే అక్కచెల్లెళ్లు వాటిని చదవలేక గడువు దాటించి, పెన్షను ఆగాక మన దగ్గరకు వస్తున్నారు. 'గ్రూపులో పెట్టాము కదా' అని మనం అంటున్నాము. అది కూడా 'పనిచేయుచున్నది' వంటి మాటే.

అందువల్ల కార్యవర్గానికి నాదొక సూచన. నెలవారీ సమావేశంలో మొదటి అరగంట ఉత్తర్వులను బిగ్గరగా, తేట తెలుగులో చదివి వినిపించాలి. ఆ తరువాతి అరగంట ప్రశ్నలకు కేటాయించాలి. రాలేనివారికి ఇంటికి పోయి చెప్పాలి. చదివే పనికి నా పేరు వ్రాసుకోండి. గొంతు ఇంకా బాగానే ఉంది. చెవులు కొంచెం మందగించాయి. ప్రశ్న అడిగేవారు కాస్త గట్టిగా అడగాలి, అంతే.